బొమ్మలకు ఐదు స్టార్లు, తెలుగు వాక్యాలకు రెండే: పిల్లల జంతువుల యాప్ రివ్యూ

మా పాపకి నాలుగేళ్ళు. ఈ యాప్ తెలుగు వెర్షన్ రెండు నెలల నుంచీ వాడుతున్నాం, రోజూ సాయంత్రం ఓ ఇరవై నిమిషాలు, పక్కన నేను కూర్చునే. అంటే ఒకసారి తెరిచి చూసి రాస్తున్న రివ్యూ కాదు ఇది. బాగున్నవి ముందే చెప్పేస్తాను. బొమ్మలు చాలా బాగా గీశారు, ఏనుగు చర్మం మీద ముడతలు కూడా కనిపిస్తాయి. అరుపులు నిజమైన జంతువులవే. మధ్యలో యాడ్స్ రావు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఇవన్నీ ఇప్పటికే చాలామంది రాశారు. నేను రాయాలనుకున్నది ఆ బొమ్మల కింద ఉండే తెలుగు వాక్యాల గురించి, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

మొదటి రోజే సింహం కార్డు తెరిచాం. గొంతు స్పష్టంగా చదివింది: "ఒక సింహం మాంసాన్ని తింటుంది." పాప బొమ్మ వైపే చూస్తూ కూర్చుంది, ఇంకేదో వస్తుందని ఎదురుచూస్తున్నట్టు. కార్డు మారిపోయాక నా వైపు తిరిగి అడిగింది, "ఏ సింహం అమ్మా? తిన్నాక ఏమైంది?"

పిల్ల సరిగ్గానే విన్నది. "అనగనగా ఒక సింహం" అనగానే కథ మొదలైనట్టు. తెలుగులో "ఒక" అని ఎత్తుకుంటే వినేవాళ్ళ మనసులోకి ఫలానా జంతువొకటి వచ్చి నిలబడుతుంది, దానికి ఏం జరిగిందో చెప్పాలి. పైగా "మాంసాన్ని". "మాంసం తింటుంది" అంటే దాని తిండి అది. "మాంసాన్ని తింటుంది" అంటే అక్కడ మాంసం ఉంది, దాన్ని తినబోతోంది. ప్రాణం లేని వాటికి ఆ "ని" ఊరికే రాదు కదా, మామూలుగా మనకు తెలిసిన ఫలానా వస్తువైతేనే వస్తుంది. ఇక "తింటుంది" అన్న మాట రేపటి సంగతి చెప్పడానికీ అదే, ఎప్పుడూ ఉండే స్వభావం చెప్పడానికీ అదే. "ఒక", "ని", ఆ పైన ఈ క్రియ, మూడూ కలిసేసరికి సింహాల గురించి చెప్పాల్సిన వాక్యం ఒకే ఒక్క సింహం కథలో మొదటి ముక్క అయిపోయింది.

ఇది ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట మార్చడం వల్ల వచ్చిన ఇబ్బంది. ఇంగ్లీషులో సింహం ముందు "ఎ" పెట్టినా అది జాతి మొత్తానికీ వర్తించే వాక్యం కాగలదు. మన "ఒక"తో ఆ పని దాదాపు ఎప్పుడూ జరగదు. "సింహం మాంసం తింటుంది" అంటే చాలు, లేదా "సింహాలు మాంసం తింటాయి". ముందేమీ పెట్టకపోవడమే మనకు గుర్తు.

చిన్నప్పుడు బళ్ళో కాలాలు చెప్పినప్పుడు భూత, వర్తమాన, భవిష్యత్ కాలాలతో పాటు తద్ధర్మ కాలం అని నాలుగోది చెప్పేవారు, గుర్తుందా. పక్షులు ఎగురుతాయి, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, ఇలాంటి ఉదాహరణలు ఇచ్చేవారు. తద్ధర్మం అంటే దాని ధర్మం, దాని స్వభావం. ఎప్పుడు జరిగింది అన్నది కాకుండా అది ఎలాంటిది అన్నది చెప్పే క్రియ. ప్రపంచవ్యాప్తంగా భాషాశాస్త్రం వాళ్ళు, మనస్తత్వశాస్త్రం వాళ్ళు దశాబ్దాలుగా చర్చిస్తున్న సంగతికి మన వ్యాకరణంలో ఇంత చక్కని పేరు ఉండటం నాకు చాలా సంతోషంగా ఉంటుంది. పిల్లలకు జంతువుల గురించి చెప్పే యాప్‌లో ఉండాల్సింది మొత్తం ఈ కాలమే. యాప్‌లో సరిగ్గా అదే చెడింది.

పెంగ్విన్ కార్డు చూడండి. "పక్షులు ఎగురుతున్నాయి. కానీ పెంగ్విన్ ఎగరడం లేదు." పాప వెంటనే "మరి ఎప్పుడు ఎగురుతుంది?" అంది. "ఎగరడం లేదు" అంటే ఇప్పుడు ఎగరడం లేదనే. "ఎగరదు" అంటే ఎప్పటికీ ఎగరదు, అది దాని స్వభావం. రెండు మాటల మధ్య తేడా నాలుగేళ్ళ పిల్లకు తెలుసు, యాప్ తెలుగు రాసినవాళ్ళకు తట్టలేదు.

ఇంతకన్నా ఎక్కువగా కనిపించేది "ఉంది". "నిప్పు వేడిగా ఉంది." "మంచు చల్లగా ఉంది." "కాకి నల్లగా ఉంది." ఇంగ్లీషులో ఒకే మాట రెండు పనులూ చేస్తుంది కాబట్టి దాన్ని చూసి అంతటా "ఉంది" అని వేసేశారు. మనకు "ఉంది" వేరు, "ఉంటుంది" వేరు. కాకి నల్లగా ఉంది అంటే కిటికీ మీద వాలిన కాకి. కాకి నల్లగా ఉంటుంది అంటే కాకులన్న జాతి సంగతి, ఇప్పటిదాకా చూడని కాకి కూడా నల్లగానే ఉంటుందని ఊహించుకోమని పిల్లకు అనుమతి ఇచ్చినట్టు. చదువు అంటే ఆ అనుమతే కదా, చూసిన నాలుగింటి నుంచి చూడని వాటి గురించి తెలుసుకోవడం. "నిప్పు వేడిగా ఉంటుంది" అని నేర్చుకోవాల్సిన పిల్లకి "నిప్పు వేడిగా ఉంది" అని చెబితే, ఆ బొమ్మలోని నిప్పు వేడిగా ఉంది, అంతే, మిగతా నిప్పుల సంగతి తెలియదు.

ఇంత చిన్నపిల్లలకి ఈ తేడాలు నిజంగా తెలుస్తాయా, నువ్వే ఎక్కువ ఊహించుకుంటున్నావు అని మా ఇంట్లోనే అన్నారు. తెలుస్తాయి. సూసన్ గెల్మన్, లక్ష్మి రామన్ అనే మనస్తత్వశాస్త్రవేత్తలు 2003లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలతో ఒక పరిశోధన ప్రచురించారు. రెండు పెంగ్విన్ల బొమ్మ చూపించి కొందరిని "పక్షులు ఎగురుతాయా?" అన్నట్టుగా, ఇంకొందరిని "ఆ పక్షులు ఎగురుతాయా?" అన్నట్టుగా అడిగారు. ఇంగ్లీషులో ఈ రెండు ప్రశ్నలకీ తేడా "ద" అనే చిన్న మాట ఒక్కటే. రెండు మూడేళ్ళ పిల్లలు కూడా ఆ ఒక్క మాటను పట్టుకుని జవాబు మార్చారు. మొదటి ప్రశ్న వింటే కళ్ళెదుట పెంగ్విన్లు ఉన్నా పక్షి జాతి గురించి ఆలోచించారు, రెండోది వింటే బొమ్మలో ఉన్న వాటి గురించి ఆలోచించారు.

తెలుగులో "ద" లేదు. "పక్షులు ఎగురుతాయా" అన్నది రెండు రకాలుగానూ అనుకోవచ్చు. అందుకని మా పాపని నేనే అడిగి చూశాను, అదే పెంగ్విన్ కార్డు ముందు పెట్టి. "పక్షులు ఎగురుతాయా?" అంటే "ఎగురుతాయి" అంది తడుముకోకుండా. ఓ గంట పోయాక "ఈ పక్షులు ఎగురుతాయా?" అంటే "ఇవి ఎగరవు, ఇవి నడుస్తాయి" అంది. ఒక పిల్లతో చేసిన పని పరిశోధన ఏమీ కాదు, కానీ యాప్ మీద నా అనుమానం మాత్రం గట్టిపడింది. చైనీస్ భాషకీ మనలాగే అలాంటి మాట లేదు, బహువచనం చెప్పాల్సిన అవసరం కూడా పెద్దగా లేదు. అయినా ఆ భాష మాట్లాడే పిల్లలు చిన్న వయసులోనే జాతి గురించి మాట్లాడతారని ట్వైలా టార్డిఫ్, గెల్మన్, మరికొందరు 2012లో చూపించారు. ప్రతి భాషకీ తనదైన ఆనవాళ్ళు ఉంటాయి, పిల్లలు వాటిని వెతికి పట్టుకుంటారు. మన ఆనవాళ్ళు "ఉంటుంది", "ఎగరదు", "ఈ" లేకపోవడం, "ఒక" లేకపోవడం, "ని" లేకపోవడం. ఈ యాప్ ఉన్న ఆనవాళ్ళను తీసేసింది, ఉండకూడని చోట తెచ్చిపెట్టింది. అందుకే నాకు ఇంత బాధ.

డైనోసార్ కార్డు మీద ఇలా ఉంది: "ఒక డైనోసార్ అంతరించిపోయింది." ఒక్కటి అంతరించిపోవడం ఏమిటి, ఒక్కటి చచ్చిపోతుంది. అంతరించేది జాతి. 1977లో గ్రెగ్ కార్ల్‌సన్ అనే భాషాశాస్త్రవేత్త ఇంగ్లీషులో ముందు ఏ మాటా లేని బహువచనం ఒక జాతికి పేరులా పనిచేస్తుందని వాదించారు, అంతరించిపోవడం లాంటి క్రియలు దానికి గట్టి సాక్ష్యం, ఎందుకంటే ఆ క్రియ ఏ ఒక్క జంతువుకీ అతకదు. తెలుగులోనూ "డైనోసార్లు అంతరించిపోయాయి" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. "ఒక" తీసేసి "డైనోసార్ అంతరించిపోయింది" అన్నా నా చెవికి కొంచెం వెలితిగానే ఉంటుంది. ఏకవచనం, బహువచనం రెండూ జాతిని చెప్పగలవు గానీ రెండూ అన్ని చోట్లా సరిపోవు. "కుక్క విశ్వాసం గల జంతువు" అంటే ఏకవచనం ఎంత నిండుగా ఉందో చూడండి. అక్కడ బహువచనం పెడితే ఆ నిండుదనం కొంచెం తగ్గుతుంది. ఇలాంటివి చెవితో రాయాల్సిన విషయాలు, అందుకే తెలుగు వెర్షన్‌కి తెలుగులో ఆలోచించే మనిషి ఒకరు కావాలి.

ఇప్పుడు క్విజ్. నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. "అన్ని బాతులు గుడ్లు పెడతాయి. సరి, తప్పు." మా అక్క కొడుకు, పదకొండేళ్ళ వాడు, ఆ రోజు ఇంటికొచ్చి సరదాగా ఆడుతూ "తప్పు" నొక్కాడు. ఎర్ర గుర్తు వచ్చింది. "మగబాతు గుడ్లు పెట్టదు కదా పిన్నీ, నేను కరెక్టే కదా" అన్నాడు మొహం చిన్నబుచ్చుకుని. వాడు నూటికి నూరు శాతం కరెక్టు. యాప్ తప్పు.

పైకి చూస్తే "బాతులు గుడ్లు పెడతాయి", "అన్ని బాతులు గుడ్లు పెడతాయి" ఒకేలా ఉంటాయి. మొదటిది నిజం, రెండోది అబద్ధం. మగవి పెట్టవు, పిల్లలు పెట్టవు. మొదటి వాక్యం ఎలా నిజమవుతోందో చెప్పమంటే తడబడతాం. ఎక్కువ భాగం పెడతాయి కాబట్టి అందామంటే, గుడ్లు పెట్టేవన్నీ ఆడవే, ఆడవాటిలో కూడా అన్నీ పెట్టవు, కాబట్టి ఆడబాతుల లెక్క గుడ్లు పెట్టే బాతుల లెక్క కన్నా ఎక్కువ, అయినా "బాతులు ఆడవి" అని ఎవరూ అనరు. దోమలు మలేరియా తెస్తాయి అంటాం. కుట్టేవి ఆడదోమలే, మలేరియా తెచ్చేవి వాటిలో అనాఫిలిస్ అనే రకం, అందులోనూ ఆ క్రిమి లోపలికి వెళ్ళినవి మాత్రమే. మొత్తం దోమల్లో అది చాలా చిన్న భాగం, అయినా వాక్యం నిజమే అంటాం, ఎందుకంటే ప్రమాదం ఉన్న చోట మనసు లెక్కలు చూడదు. సముద్రపు తాబేళ్ళు చాలా ఏళ్ళు బతుకుతాయి అంటాం, పుట్టిన వాటిలో చాలా భాగం పిల్లలుగా ఉన్నప్పుడే చచ్చిపోతాయి, అయినా ఆ మాట తప్పనిపించదు. సారా-జేన్ లెస్లీ అనే తత్వవేత్త 2008లో రాసిన వ్యాసంలో ఈ చిక్కులన్నిటినీ ముందుపెట్టి ఒక మాట అన్నారు, ఇలా జాతి గురించి అనుకోవడం మనసుకు పుట్టుకతో వచ్చే తేలిక పద్ధతి అనీ, "అన్నీ", "కొన్ని" అని లెక్క చూడటమే తర్వాత కష్టపడి నేర్చుకునేదనీ. 2011లో ఆమె, ఇంకో ఇద్దరు కలిసి పెద్దవాళ్ళనే అడిగి చూస్తే, "అన్ని బాతులూ గుడ్లు పెడతాయి" లాంటి వాక్యాలకు కూడా చాలామంది అవును అనేశారు, మగబాతులు గుడ్లు పెట్టవని తెలిసి కూడా.

అంటే యాప్ క్విజ్ రాసిన మనిషి కూడా అదే చేశారు. మనుషులందరికీ జరిగేదే. కానీ పిల్లల పాఠంలో దాన్ని వదిలేయకూడదు. మూడేళ్ళ పిల్లలకు "అన్నీ" అన్నా "కొన్ని" అన్నా ఏమీ అనకపోయినా ఒకేలా వినిపిస్తుందని, నాలుగో ఏట నుంచి ఆ తేడా మొదలవుతుందని గెల్మన్, తోటివాళ్ళు 2002లో చూశారు. మా పాప సరిగ్గా ఆ గడప మీద ఉంది. "అన్ని" అనే మాటకు అసలు బరువు తెలుసుకునే వయసు, ఆ వయసులోనే యాప్ దాన్ని ఊరికే అలంకారంలా వాడుతోంది. "పక్షులు ఎగురుతాయి" అని నేర్చుకున్న పిల్ల నిప్పుకోడిని చూస్తే ఏమీ కాదు, వాక్యం మినహాయింపుని మింగేస్తుంది. "అన్ని పక్షులు ఎగురుతాయి" అని నేర్చుకుంటే ఒక్క నిప్పుకోడితో ఆ వాక్యం కూలిపోతుంది. క్షీరదాల కార్డు మీద కూడా "అన్ని క్షీరదాలు పిల్లల్ని కంటాయి" అని ఉంది. ప్లాటిపస్, ఎకిడ్నాలు గుడ్లు పెడతాయి. "అన్ని" అన్న ఒక్క మాట తీసేస్తే ఆ కార్డుకి ఏ ఇబ్బందీ లేదు.

ఒకటి బాగా చేశారు, చెప్పాలి. "మగ సింహానికి జూలు ఉంటుంది" అని రాశారు. "సింహానికి జూలు ఉంటుంది" అన్నా ఎవరూ తప్పు పట్టరు, అయినా జాగ్రత్తగా రాశారు, పైగా "ఉంటుంది" అన్నారు. అలాగే కోకిల కార్డులో కూసేది మగదని రాశారు. ఆ కార్డులు వేరేవాళ్ళు రాశారేమో అనిపించింది.

ఇక అసలు భయం వేసిన చోటుకి వస్తాను. యాప్‌లో "మనుషులు" అని ఇంకో విభాగం ఉంది. అక్కడ "ఒక" లేదు, "ని" లేదు, "ఉంది" లేదు. "అబ్బాయిలు ధైర్యంగా ఉంటారు." "అమ్మాయిలు సున్నితంగా ఉంటారు." "అబ్బాయిలు ఏడవరు." చక్కటి తెలుగు, నిక్కచ్చి తద్ధర్మ కాలం. సింహం గురించి ఎలా చెప్పాలో తెలియనట్టు రాసిన యాప్ మనుషుల దగ్గరికొచ్చేసరికి ఒక్క తప్పూ లేకుండా రాసింది. బహుశా మూలంలో అక్కడ బహువచనాలు ఉండి ఉంటాయి, మారుస్తుంటే దానంతటదే కుదిరిపోయి ఉంటుంది. కానీ ఈ రూపం రాకూడని చోటు ఏదైనా ఉందంటే ఇదే.

ఎందుకంటే ఇలాంటి వాక్యం ఎంత తేలిగ్గా ఒప్పుకుంటామో, ఒప్పుకున్నాక అంత ఎక్కువ నమ్ముతాం. ఆండ్రే సింపియన్, బ్రాండోన్, గెల్మన్ 2010లో దీన్నే పరీక్షించారు. ఊహించి తయారు చేసిన జంతువుల గురించి, వాటిలో ఇంత శాతానికి ఈ లక్షణం ఉంది అని చెప్పి వాక్యం నిజమా అని అడిగితే, తక్కువ శాతం ఉన్నా చాలాసార్లు నిజమే అన్నారు. శాతం చెప్పకుండా ఉత్త వాక్యం మాత్రమే చెప్పి ఎన్నిటికి ఆ లక్షణం ఉంటుందని అడిగితే, దాదాపు అన్నిటికీ అన్నారు. ఇలాంటి వాక్యం మన మనసు లోపలికి వెళ్ళడానికి కొద్దిపాటి సాక్ష్యం చాలు, లోపలికి వెళ్ళాక మాత్రం జాతి మొత్తం మీద పరుచుకుంటుంది. జంతువుల విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు, చాలా వరకు మేలే. మనుషుల విషయంలో?

మార్జరీ రోడ్స్, లెస్లీ, ట్వోరెక్ 2012లో జార్పీలు అనే, ఎక్కడా లేని మనుషుల గుంపు గురించి బొమ్మల పుస్తకం తయారు చేశారు. వాళ్ళలో అన్ని రంగుల వాళ్ళూ, ఆడా మగా, చిన్నా పెద్దా కలిసి ఉంటారు, బొమ్మ చూసి ఒక జాతి అనుకోవడానికి ఏమీ లేదు. కొందరికి "జార్పీలు ఫలానా పురుగుకి భయపడతారు" అన్నట్టు చదివారు, కొందరికి అదే బొమ్మ చూపించి "ఈ జార్పీ భయపడతాడు" అన్నట్టు చదివారు. మొదటి రకం విన్న నాలుగేళ్ళ పిల్లలు, పెద్దవాళ్ళు కూడా, జార్పీ గుణాలు పుట్టుకతోనే వస్తాయని, ఎక్కడ పెంచినా మారవని ఎక్కువగా నమ్మారు. బొమ్మలు అవే, గుణాలు అవే, మారింది వాక్యం రూపం ఒక్కటే. దీనికి రెండో సగం కూడా ఉంది. జార్పీలు పుట్టుకతోనే వేరు అనే నమ్మకం కలిగించిన తల్లిదండ్రులు తమ పిల్లలతో ఆ పుస్తకం చూస్తూ మాట్లాడినప్పుడు ఇలాంటి వాక్యాలే ఎక్కువ వాడారు. నమ్మకం వాక్యాన్ని తెస్తుంది, వాక్యం పిల్లలో నమ్మకాన్ని పుట్టిస్తుంది.

యాప్‌లో ఆ మనుషుల కార్డులు విన్న మూడో రోజు పార్కులో పెద్ద జారుడుబల్ల ఎక్కమంటే మా పాప "అమ్మాయిలు భయపడతారు" అంది. "నాకు భయంగా ఉంది" అనలేదు. అంతకుముందు వారమే రెండుసార్లు ఎక్కింది. ఆ వాక్యం యాప్ నుంచే వచ్చిందని ఒట్టేసి చెప్పలేను, ఎక్కడైనా వినవచ్చు. కానీ ఆ రాత్రే ఆ విభాగం మొత్తం దాచేశాను, సెట్టింగ్స్‌లో ఆ వీలు ఉంది, అది మంచిదే.

దాచేముందు మిగతా కార్డులు కూడా చదివాను. ఒకటి మంచి ఉద్దేశంతో పెట్టారు: "అమ్మాయిలు లెక్కల్లో అబ్బాయిలంత బాగా చేస్తారు." వినగానే బాగానే ఉంటుంది. కానీ "అబ్బాయిలంత" అన్నప్పుడు కొలబద్ద ఎవరు? మనం ఎప్పుడూ తెలిసిన గొప్పదానితోనే పోలుస్తాం, బంగారమంత అంటాం గానీ బంగారాన్ని ఇంకోదానితో పోల్చం. ఎలీనర్ చెస్ట్‌నట్, ఎలెన్ మార్క్‌మన్ 2018లో సరిగ్గా ఈ వాక్యం మీదే పని చేశారు. ఇలా చెబితే విన్నవాళ్ళు అబ్బాయిలకే సహజంగా లెక్కలు బాగా వస్తాయని అనుకునే అవకాశం పెరుగుతుందని, ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చెబితే అది తగ్గుతుందని తేలింది. "అమ్మాయిలూ అబ్బాయిలూ లెక్కలు బాగా చేస్తారు" అంటే సరిపోయేది, మాటలు కూడా తక్కువ.

యాప్‌లో పాత్రల పేర్లు కూడా ఇదే దారిలో ఉన్నాయి. నిద్రపోతు ఎలుగుబంటి, ఏడుపుగొట్టు కోతి. పిల్లలకు వినడానికి సరదాగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ "కోతి ఏడుస్తోంది" అంటే కాసేపట్లో ఆగుతుంది, "ఏడుపుగొట్టు" అంటే ఆగదు, అది దాని పేరైపోయింది. తెలుగులో ఇలా క్రియని పట్టుకెళ్ళి మనిషికి పేరుగా తగిలించడం చాలా తేలిక, తిండిపోతు, వాగుడుకాయ, మొండిఘటం. గెల్మన్, గెయిల్ హేమన్ 1999లో అయిదేళ్ళ, ఏడేళ్ళ పిల్లలతో ఇదే చూశారు. ఒక అమ్మాయి వీలైనప్పుడల్లా క్యారెట్లు తింటుంది అని చెప్పడం వేరు, క్యారెట్లు తినే రకం అన్నట్టు ఒకే నామవాచకంతో చెప్పడం వేరు. నామవాచకం విన్న పిల్లలు, ఆ అలవాటు మున్ముందు కూడా ఉంటుంది, ఎవరు వద్దన్నా మారదు అని ఎక్కువగా అనుకున్నారు.

మెచ్చుకోలు గురించి కూడా ఇదే. పిల్ల బొమ్మకి రంగు వేయగానే యాప్ "నువ్వు గొప్ప చిత్రకారిణివి!" అంటుంది. "బాగా వేశావు" అంటే చాలు. సింపియన్, తోటివాళ్ళు 2007లో నాలుగేళ్ళ పిల్లల మీదే చూశారు, మంచి బొమ్మలు గీసే రకం నువ్వు అన్నట్టు మెచ్చుకుంటే, తర్వాత చిన్న తప్పు దొర్లగానే పిల్లలు త్వరగా నీరసపడ్డారు, ఈ బొమ్మ బాగా గీశావు అన్నట్టు మెచ్చుకుంటే తట్టుకున్నారు. మా పాప రంగు గీత దాటినప్పుడు "నేను చిత్రకారిణి కాదా" అని అడిగింది ఓసారి. అంతే, ఆ సౌండ్ ఆపేశాను.

ఇవన్నీ యాప్ తయారుచేసిన వాళ్ళకి ఫీడ్‌బ్యాక్ పేజీలో రాశాను, కార్డు వారీగా, ఉన్న వాక్యం, ఉండాల్సిన వాక్యం రెండూ పెట్టి. జవాబు మర్యాదగా వచ్చింది. తర్వాతి అప్‌డేట్‌లో పెంగ్విన్ కార్డు మార్చారు, ఇప్పుడు "పెంగ్విన్లు ఎగరవు, ఈదుతాయి" అని ఉంది. వినడానికి ఎంత హాయిగా ఉందో. బాతుల క్విజ్ అలాగే ఉంది, "ఒక సింహం" అలాగే ఉంది, మనుషుల విభాగం అలాగే ఉంది. ఒక కార్డు మార్చగలిగినవాళ్ళు మిగతావీ మార్చగలరు, అందుకే మూడు స్టార్లు ఇస్తున్నాను. మారిస్తే ఐదు ఇస్తాను, నిజంగా ఇస్తాను, బొమ్మలు అంత బాగున్నాయి.

ఈలోగా కొనసాగించాలనుకునే తల్లిదండ్రులకి ఒక దారి ఉంది. ప్రతి కార్డులో పైన కుడివైపు మైకు గుర్తు నొక్కితే మన గొంతుతో రికార్డ్ చేసుకోవచ్చు, యాప్ గొంతు పోయి మనది వస్తుంది. జంతువుల విభాగం మొత్తం నేను అలాగే మార్చాను, రెండు ఆదివారాలు పట్టింది. రికార్డ్ చేసేటప్పుడు "ఒక" తీసేయండి, "ఉంది" ఉన్నచోట "ఉంటుంది" పెట్టండి, "లేదు" ఉన్నచోట "-దు", "-వు" పెట్టండి, "అన్ని" కనిపిస్తే నిజంగా అన్నీనా అని ఒక్క నిమిషం ఆగండి. మనుషుల విభాగంలో మాత్రం బొమ్మలో ఉన్న మనిషి గురించే చెప్పండి, "ఈ అక్క చెట్టెక్కుతోంది" అన్నట్టు. క్విజ్‌లో రికార్డ్ చేసే వీలు లేదు, దాన్ని పక్కన పెట్టాం.

నిన్న సింహం కార్డు మళ్ళీ వచ్చింది, ఈసారి నా గొంతుతో, "సింహాలు మాంసం తింటాయి" అని. ఏ సింహం అని అడగలేదు పాప. కాసేపు ఆలోచించి, "పళ్ళు రాని చిన్న సింహాలు కూడానా అమ్మా?" అంది. అవి మొదట్లో పాలే తాగుతాయని చెప్పాను. దానికి కార్డు లేదు యాప్‌లో, ఉంటే బాగుండేది.